పక్కవాళ్ల ఫ్లాటుకీ టేపు పెట్టు

చిన్నీకి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఆస్తులకు విలువ కట్టే వాల్యూయర్ పరీక్ష పాసయ్యావనీ, ఉద్యోగం మానేసి సొంతంగా ఆఫీసు పెడుతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వే. సంతోషంతో రాత్రి అన్నం సయించలేదు. పడుకున్నాక టెన్షన్ మొదలైంది. తెల్లారగానే లేచి ఇది రాస్తున్నాను.

దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం), మంజూరైన ప్లాను, ఇంటి పన్ను రసీదు చూడమని నీకు చెప్పక్కర్లేదు. విలువ కట్టాల్సిన ఇంటిని ఎలాగూ జాగ్రత్తగానే కొలుస్తావు. నా భయమంతా పోలిక కోసం తీసుకునే, దగ్గర్లో అమ్ముడైన ఇళ్ల గురించే. ఎవరో అమ్మారు, ఎవరో కొన్నారు. మధ్యవర్తి ధర చెబుతాడు, విస్తీర్ణం చదరపు అడుగుల్లో చెబుతాడు, మనం భాగించి అడుగు రేటు రాసుకుంటాం. ధర చెబితే నమ్మం, నలుగురిని అడుగుతాం. అడుగులు చెబితే మాత్రం అలాగే రాసేసుకుంటాం.

2010లో గుంటూరు బ్రాడీపేటలో ఒక ఫ్లాటుకి విలువ కట్టాను. తండ్రి పోయాక అన్నాచెల్లెళ్లు పంచుకుంటున్నారు. ఫ్లాటు అన్న ఉంచుకుని, చెల్లెలికి సగం విలువ ఇవ్వాలని మాట. నేను రెండుసార్లు టేపు వేశాను, గోడలతో కలిపి 1,040 అడుగులు. వెనక వీధిలో అలాంటి ఫ్లాటే 25 లక్షలకు అమ్మారు. విస్తీర్ణం 1,250 అన్నాడు మధ్యవర్తి. దస్తావేజు తెప్పించాను, అందులోనూ 1,250 ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. అడుగు రెండు వేలు పడింది. 1,040కి 20 లక్షల 80 వేలు అని రిపోర్టు ఇచ్చాను. చెల్లెలికి 10 లక్షల 40 వేలు ముట్టాయి. కాగితాలు అయిపోయాయి.

నాలుగు నెలలకి ఒక లోను పని మీద ఆ వెనక వీధి ఫ్లాటుకే వెళ్లాల్సి వచ్చింది. హాలు, రెండు పడకగదులు, వంటిల్లు, బాల్కనీ, గోడలు అన్నీ కలిపాను. సరిగ్గా వెయ్యి. లెక్క తప్పానేమోనని మళ్లీ వేశాను. వెయ్యే. మెట్ల మీద కూర్చుని దస్తావేజు తీశాను. షెడ్యూలులో, అంకె తర్వాత లైనులో, 'ఉమ్మడి స్థలాలు, కారు పార్కింగుతో కలిపి' అని ఉంది. అంకె చూశాను కానీ దాని పక్క మాట చదవలేదు. అంటే అసలు రేటు అడుగుకి రెండున్నర వేలు. ఆ అన్నాచెల్లెళ్ల ఫ్లాటు 26 లక్షలది. ఆమెకు 2 లక్షల 60 వేలు తక్కువ ముట్టింది.

ఆ సాయంత్రమే ఆ చెల్లెలి ఇంటికి వెళ్లి చెప్పాను. ఆమె మంచినీళ్లిచ్చి, "ఇప్పుడడిగితే అన్నయ్య ఇస్తాడంటారా?" అని అడిగింది. ఆయన దగ్గరికీ వెళ్లాను, సరిచేసిన లెక్క రాసిచ్చాను. ఆయన ఒక లక్ష ఇచ్చాడు. నా ఫీజు తిరిగి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. మిగతా లక్షా అరవై వేలు ఆమెకు రానే లేదు. నన్ను ఒక్క మాట అనలేదమ్మా. తిట్టినా బాగుండేదనిపించింది.

అందుకే చెబుతున్నాను. ఏ అంకె విన్నా, అది దేనిదని అడుగు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో తేల్చింది: బయటి గోడలు, బాల్కనీ రావు, లోపలి అడ్డగోడలు వస్తాయి. కానీ బజారులో ఇప్పటికీ సూపర్ బిల్టప్పే, అంటే ఉమ్మడి స్థలాల వాటా కలిపిన కొలతే మాట్లాడతారు, పాత దస్తావేజుల్లో ప్లింత్ ఏరియా, అంటే గోడలతో కలిపిన కొలత ఉంటుంది. గోడల తేడా చిన్నదనుకోకు. బయటి కొలత 30 బై 40 ఉన్న ఇంటికి తొమ్మిదంగుళాల గోడలు తీసేస్తే లోపల 28.5 బై 38.5. పన్నెండు వందల్లో వంద అడుగులు పైగా గోడల్లోనే పోయాయి.

లోపలికి రానివ్వరు, నిజమే. అప్పుడు అదే వరుసలో పైనో కిందో ఉన్న ఫ్లాటువాళ్లని బతిమాలు. వరండాలో రెండడుగుల టైల్స్ ఉంటే లెక్కపెట్టు, పొడవు తెలిసిపోతుంది. విడి ఇళ్లయితే చుట్టూ తిరుగు. దస్తావేజు రాశాక వేసిన పై అంతస్తు అందులో ఉండదు, పన్ను రసీదులోనూ ఉండకపోవచ్చు. ఉపగ్రహం ఫోటోలో కప్పు కొలిచి సరిపెట్టుకోకు. నాలుగు వైపులా రెండడుగుల సన్‌షేడ్ ఉంటే ఆ 30 బై 40 ఇల్లే 34 బై 44గా కనిపిస్తుంది, దాదాపు మూడు వందల అడుగులు ఎక్కువ. ఇవేవీ కుదరకపోతే ఆ ఇంటిని వదిలెయ్. పోలికకి రెండే దొరికాయని రిపోర్టులో రాయి, బ్యాంకువాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

ఇంకోటి, తల్లీ. కడుతున్న బిల్డింగుల్లోకి ఒక్కదానివే వెళ్లకు. లిఫ్టు గుంతలకి తలుపులుండవు. టేపు చూసుకుంటూ వెనక్కి నడవడం నాకూ అలవాటే, ఒకసారి మేస్త్రీ చొక్కా పట్టుకుని లాగాడు కాబట్టి ఉన్నాను. మీ పెద్దమ్మకి ఇది ఇప్పటిదాకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు. చీకటి పడ్డాక అసలు వెళ్లకు. తోడు ఎవరూ లేకపోతే నాకు ఫోన్ చెయ్యి, బస్సెక్కి వస్తాను.

మీ నాన్నతో నా వంద అడుగుల టేపు పంపిస్తున్నాను. లేజర్ కొనుక్కున్నా ఇది సంచిలో ఉండనీ. మొదటి అడుగులో అంకెలు అరిగిపోయాయి, చివరి కొక్కెం వంగిపోయింది. ఒకటో అడుగు గీత దగ్గర పెట్టి కొలువు, చివర ఒక అడుగు తీసెయ్యడం మరిచిపోకు.

మీ పెదనాన్న