బంతి ఎవరి చేతికి వెళ్తోంది?

ప్రశ్న: అక్కా, అమెరికా వచ్చి ఏడాదిన్నర అయింది. మా ఆఫీసులో 12 మంది ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ ఆడతారు (నిజం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ఉత్తుత్తి జట్టు కట్టి, మ్యాచ్‌ల్లో వాళ్లు ఆడినదాన్నిబట్టి వచ్చే పాయింట్లతో వారం వారం పోటీపడటం), ఈసారి నన్నూ చేర్చుకున్నారు. వచ్చే ఆదివారమే డ్రాఫ్ట్, అంటే వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకోవడం. నాకు 11వ నంబరు వచ్చింది. చిన్నప్పట్నుంచీ క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. పరువు పోకుండా ఆడాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, షార్లెట్

జవాబు: తమ్ముడూ, క్రికెట్ తెలుసు కదా, భయపడకు. ఏడో నంబర్లో దిగే బ్యాటర్ ఎంత మొనగాడైనా రెండు ఓవర్లే మిగిలుంటే ఎన్ని కొడతాడు? ఓపెనర్‌కి బంతులు ఎక్కువ దొరుకుతాయి, పరుగులూ వస్తాయి. ఇక్కడా ఒక మ్యాచ్‌లో బంతి ఆ ఆటగాడి చేతికి ఎన్నిసార్లు వెళ్తోందో లెక్కపెట్టు. న్యూజెర్సీలో మా ఆఫీసు లీగ్‌లో 11 సీజన్లుగా ఆడుతున్నాను, మూడుసార్లు గెలిచాను. ఆ మూడుసార్లూ నన్ను గెలిపించింది ఈ లెక్కే.

ముందు మీ లీగ్ స్కోరింగ్ రూల్స్ ఈ రాత్రికే చదువు. క్యాచ్‌కి ఒక పాయింటు ఇస్తున్నారా, అర పాయింటా, అసలు లేదా? బంతితో పరుగెత్తినా, క్యాచ్ పట్టి ముందుకెళ్లినా 10 గజాలకి ఒక పాయింటు, టచ్‌డౌన్‌కి (బంతితో అవతలి జట్టు గీత దాటితే) 6 అన్నది దాదాపు అన్ని లీగుల్లోనూ ఉండేదే. ఒక రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) 70 గజాలు పరుగెత్తి, 5 క్యాచ్‌లతో ఇంకో 40 గజాలు తెచ్చి, ఒక టచ్‌డౌన్ చేశాడనుకో. క్యాచ్‌కి పాయింటు ఉంటే 22, లేకపోతే 17. ఆ ఒక్క రూల్‌తోనే మనిషి విలువ మారిపోతుంది. క్యాచ్‌లు ఎక్కువ పట్టే రన్నింగ్ బ్యాక్‌ని ఏ రౌండ్‌లో తీసుకోవాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

మీది స్నేక్ డ్రాఫ్ట్ అయ్యుంటుంది. మొదటి రౌండ్ 1 నుంచి 12కి, రెండోది 12 నుంచి 1కి, పాములా మెలికలు తిరుగుతూ వస్తుంది. నీ వంతులు 11, 14, తర్వాత 35, 38, ఆ తర్వాత 59, 62. అంటే 14 దాటాక 20 మంది వెళ్లిపోతే గానీ మళ్లీ నీ దగ్గరికి రాదు. 'ఇతన్ని వచ్చే రౌండ్‌లో చూద్దాంలే' అనే మాట నీకు కుదరదు. కావాలనుకుంటే అప్పుడే తీసేసుకో.

నీ స్థానానికి ఒక లాభం కూడా ఉంది. నీ 35కీ 38కీ మధ్య ఉన్న రెండు వంతులూ 12వ నంబరు వాళ్లవే. వాళ్ల టీమ్ తెరిచి చూడు. వాళ్లు అప్పటికే క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరేవాడిని) తీసుకుని ఉంటే వెంటనే రెండోవాడి జోలికి వెళ్లరు. అప్పుడు నువ్వు 35లో రిసీవర్‌ని (విసిరిన బంతి పట్టేవాడిని) తీసుకుని, క్వార్టర్‌బ్యాక్‌ని 38లో నిశ్చింతగా అందుకోవచ్చు. డ్రాఫ్ట్ రోజు టెన్షన్‌లో అందరూ తమ జాబితానే చూసుకుంటారు. పక్కవాళ్లకి ఏం తక్కువైందో ఒక కాగితం మీద రాసుకుంటూ కూర్చో.

అసలు క్వార్టర్‌బ్యాక్ కోసం అంతకన్నా ముందే ఎగబడొద్దు. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే అసలు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లున్నాయి, మీకు వారానికి కావలసింది 12 మంది క్వార్టర్‌బ్యాక్‌లే. రన్నింగ్ బ్యాక్‌లైతే మనిషికి ఇద్దరు చొప్పున 24 మంది కావాలి. చాలా జట్లు ఆ పనిని ఇద్దరికి పంచుతాయి కాబట్టి నమ్మదగ్గవాళ్లు త్వరగా అయిపోతారు. వారానికి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లని ఆడించే లీగ్ అయితే ఈ లెక్క తిరగబడుతుంది, అందుకే రూల్స్ చదవమన్నాను. కిక్కర్ (బంతిని తన్నేవాడు), డిఫెన్స్ (ఎదుటివాళ్లని ఆపే దళం) ఆఖరి రెండు రౌండ్లలో చాలు.

ప్రశ్న: అక్కా, వరసగా మూడు వారాలు ఓడిపోయాను. మొదటి రౌండ్‌లో తీసుకున్న రన్నింగ్ బ్యాక్‌కి దెబ్బ తగిలింది. ఇక సీజన్ పోయినట్టేనా? నా మంచి రిసీవర్‌ని ఇచ్చేస్తే ఇద్దర్ని ఇస్తానని మొదటి స్థానంలో ఉన్నాయన అడుగుతున్నాడు.
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: చెల్లీ, చాలా లీగుల్లో 14 వారాలు మామూలు మ్యాచ్‌లు, ఆ తర్వాత 17వ వారం దాకా ప్లేఆఫ్స్. నీకింకా 11 మ్యాచ్‌లున్నాయి.

నీ బాధ నాకు తెలుసు. 2024లో మొదటి నంబరు వచ్చిందని సంబరపడి క్రిస్టియన్ మెకాఫ్రీ అనే రన్నింగ్ బ్యాక్‌ని తీసుకున్నాను. మొదటి వారం సోమవారం రాత్రి మ్యాచ్. కంచం ముందు కూర్చుని ఫోన్ చూస్తే అతను ఆడట్లేదని ఉంది, కలుపుతున్న అన్నం అలాగే వదిలేశాను. ఆ సీజన్ మొత్తంలో అతను ఆడింది 4 మ్యాచ్‌లే. ఆ రాత్రి అతని బదులు దిగిన జోర్డన్ మేసన్‌కి 28 సార్లు బంతి ఇచ్చారు, 147 గజాలు పరుగెత్తాడు. మా లీగ్‌లో మేసన్ వేరే ఆవిడ బెంచ్ మీద ఉన్నాడు. అప్పట్నుంచి నా మొదటి రన్నింగ్ బ్యాక్‌కి ఎవరు బదులో చూసి, అతన్ని చివరి రౌండ్లలో తెచ్చుకుంటున్నాను. నీ ఆటగాడి బదులు ఎవరు దిగుతున్నారో, అతను మీ లీగ్‌లో ఇంకా ఖాళీగా ఉన్నాడేమో ఇప్పుడే చూడు.

డ్రాఫ్ట్ పాడైనా మంగళవారం రాత్రి వేవర్స్‌లో సరిదిద్దుకోవచ్చు. ఎవరూ తీసుకోని ఆటగాళ్ల కోసం అందరం పోటీపడేది అక్కడే. 2023లో పుకా నకువా అనే కొత్త రిసీవర్‌ని ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (అసలు జట్లు కొత్తవాళ్లని ఎంచుకునేది) అయిదో రౌండ్‌లో, 177వ వాడిగా ర్యామ్స్ జట్టు తీసుకుంది. మా లీగ్‌లో అతన్ని పట్టించుకున్నవాళ్లే లేరు. ఆ జట్టు పెద్ద రిసీవర్ కూపర్ కప్ గాయంతో ఆడకపోవడంతో సియాటిల్‌లో మొదటి మ్యాచ్‌లో నకువా వైపు 15 సార్లు బంతి విసిరారు. 10 పట్టాడు, 119 గజాలు. టచ్‌డౌన్ లేదు కాబట్టి మా వాళ్లు పెద్దగా చూడలేదు. నేను ఆ 15 చూశాను. సీజన్ అంతటికీ మాకుండే 100 ఉత్తుత్తి డాలర్లలో 34 వేలంలో పెట్టి తెచ్చుకున్నాను. మరుసటి వారం 15 క్యాచ్‌లు పట్టాడు! సీజన్ ముగిసేసరికి 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. అప్పటికి రెండూ కొత్త ఆటగాళ్లలో రికార్డులే.

ట్రేడ్ సంగతి. ఇద్దరొస్తున్నారని మురిసిపోవద్దు, ఇద్దరిని తెచ్చుకుంటే నీ బెంచ్ మీంచి ఒకరిని వదిలేయాలి. గత మూడు వారాల్లో ఆ ఇద్దరి చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చిందో రాసుకుని చూడు. ఇద్దరిలో ఒక్కడైనా ప్రతి వారం నీ రన్నింగ్ బ్యాక్ చోటు నింపగలిగితే ఒప్పుకో. లేకపోతే మర్యాదగా వద్దని చెప్పి, 'మీ బెంచ్ మీదున్న ఫలానా ఆయన్ని ఇస్తారా' అని నువ్వే ఇంకో బేరం పెట్టు. జవాబివ్వకుండా మాత్రం ఉండకు, వచ్చే నెల నువ్వే ఆయన్ని అడగాల్సి రావచ్చు.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా క్లయింట్ టీమ్‌తో పనిచేస్తాను. వాళ్ల లీగ్‌లో నేనూ ఉన్నాను. మ్యాచ్‌లు మనకి అర్ధరాత్రి. నిద్రపోయి లేచేసరికి ఆడని ఆటగాడు నా టీమ్‌లో సున్నాతో కూర్చుంటున్నాడు.
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ఎవరు ఆడట్లేదో ప్రతి జట్టూ మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు చెప్పేస్తుంది. ఆదివారం మొదటి మ్యాచ్‌లు మీకు రాత్రి 10:30కి, కాబట్టి 9 గంటలకి అలారం పెట్టుకోండి. నవంబరు మొదటి ఆదివారం నుంచి అమెరికాలో గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది, అప్పుడు 10 గంటలకి మార్చుకోండి. రెండో విడత మీకు అర్ధరాత్రి దాటాక ఉంటుంది. గాయం అనుమానం ఉన్నవాడు ఆ విడతలో ఉంటే, మేలుకునే ఓపిక లేనప్పుడు పడుకునే ముందే అతన్ని తీసేసి ఖాయంగా ఆడేవాడిని పెట్టేయండి. రెండు మూడు పాయింట్లు తగ్గినా సున్నా రాదు.

డబ్బు కట్టి ఆడే లీగ్ అయితే మాత్రం వద్దండీ. తెలంగాణలో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. ఎంట్రీ ఫీజు లేకుండా ఆడతానని మీ వాళ్లకి ముందే చెప్పండి.

ఇంకొకటి, గురువారం మ్యాచ్ ఆడేవాడిని ఎప్పుడూ ఫ్లెక్స్ గడిలో (రెండు మూడు రకాల ఆటగాళ్లలో ఎవరినైనా పెట్టగల చోటు) పెట్టకండి. అతన్ని రన్నింగ్ బ్యాక్ గడిలోనో రిసీవర్ గడిలోనో పెట్టి, ఫ్లెక్స్‌ని అందరికన్నా ఆలస్యంగా ఆడేవాడికి ఉంచండి. ఆదివారం రాత్రి ఎవరైనా ఆడట్లేదని తెలిస్తే ఆ గడిలోకి రన్నింగ్ బ్యాక్‌నైనా, రిసీవర్‌నైనా, టైట్ ఎండ్‌నైనా (ఎదుటివాళ్లని అడ్డుకోవడం, క్యాచ్‌లు పట్టడం రెండూ చేసేవాడు) దింపుకోవచ్చు.