కొత్త బ్యాటరీ కొనే ముందు ఒక్క అంకె చూడు తమ్ముడూ

తమ్ముడూ, నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పొద్దున చలికి కారు స్టార్ట్ కాలేదు, ఛార్జర్ తగిలిస్తే ఎర్ర లైటు తప్ప ఏమీ రావడం లేదు, కొత్త బ్యాటరీ కొనేయమంటారా అని అడిగావు. వద్దు. ఇండియా నుంచి ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళంతా మొదటి చలికాలం ఇలాగే టెన్షన్ పడి డబ్బు పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నాను. ఆ డబ్బు ఇంటికి పంపడానికి దాచినది కాబట్టి ఇన్నేళ్ళయినా గుర్తుంది.

నేను వచ్చిన ఏడాది సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ఒకరోజు పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్ మని ఆగిపోయింది. నేను ఇండియా నుంచి సామాన్లలో ఛార్జర్ కూడా తెచ్చుకున్నాను. ఇక్కడ మళ్ళీ ఖర్చెందుకు అనుకున్నాను. ప్లగ్గుకు పిన్ను మార్చే అడాప్టర్ తగిలించి రాత్రంతా పెట్టాను. తెల్లారి చూస్తే కారులో కదలిక లేదు. బ్యాటరీ చచ్చిపోయిందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆ సాయంత్రమే కొత్తది కొని, పాతది దుకాణంలో ఇచ్చేసి వచ్చాను.

మూడు వారాలకు కొత్తది కూడా దిగిపోయింది.

అప్పుడు ఆఫీసులో పెద్దాయన ఒకరు వోల్టులు కొలిచే మల్టీమీటర్ పట్టుకొచ్చి ముందు నా ఛార్జర్‌ను తిరగేసి చూపించారు. దాని అడుగున 230 వోల్టులు అని రాసి ఉంది. నా గోడలో వచ్చేది 120. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. పాతరకం ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్‌కు సగం వోల్టేజీ ఇస్తే అది సగమే బయటికిస్తుంది. 14 వోల్టులు రావలసిన చోట 7 వస్తే 12 వోల్టుల బ్యాటరీలోకి ఒక్క చుక్క కూడా ఎక్కదు. రాత్రంతా నేను ఉత్త డబ్బాను కాపలా కాశాను. అదే 120 వోల్టుల ఛార్జర్‌ను 230 ఉన్న దేశంలో పెట్టి ఉంటే కాలిపోయేది. అందుకని నీ ఛార్జర్ వెనక ఇన్‌పుట్ ఎంత అని రాసి ఉందో ముందు చదువు. 100 నుంచి 240 వరకు అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది.

ఆ తర్వాత ఆయన అసలు దొంగను పట్టుకున్నారు. కారు ఆపినా ఆగని డాష్ కెమెరా. పాత యజమాని దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపి ఉంచాడు. ఆపిన కారు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే కరెంటు తాగాలి. అంత తాగినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో పట్టే ఛార్జ్‌కు కొలత అది) పోతాయి. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 25 రోజుల్లో సగానికి దిగుతుంది. నా కెమెరా దానికి ఎన్నో రెట్లు తాగుతోంది. పైగా మైనస్ టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి పట్టి ఉంది. వంటసోడా నీళ్ళతో కడిగి, బ్రష్‌తో తోమి, బోల్టు బిగిస్తే పోయేది. అంటే నా పాత బ్యాటరీ బాగానే ఉండి ఉండవచ్చు. కొలవకుండా ఇచ్చేశాను కాబట్టి ఆ సంగతి ఇక ఎప్పటికీ తేలదు. ఆ ఖర్చు మాత్రం నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

అందుకే ముందు మల్టీమీటర్ కొను. ఈ వ్యవహారంలో అన్నిటికన్నా చవకైన వస్తువు అదే. కారు ఆపి కొన్ని గంటలయ్యాక కొలువు. 12.6 లేదా పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 కి వస్తే పావు వంతే మిగిలినట్టు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే తప్పు ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ది కావచ్చు, నువ్వు ఎన్ని బ్యాటరీలు మార్చినా డబ్బు గంగలో పోసినట్టే. నిండా ఎక్కించాక కూడా ఒక్క రాత్రికే 12.4 కిందికి పడిపోతుంటే, మైనస్ కేబుల్ తీసి పెట్టి మళ్ళీ చూడు. కేబుల్ తీసినా పడిపోతే బ్యాటరీది తప్పు. తీస్తే నిలబడితే కారులో ఏదో తాగుతోంది.

ఇక నీ ఎర్ర లైటు. బ్యాటరీ స్థితి చూసుకుని తనే నడుచుకునే స్మార్ట్ ఛార్జర్ అయితే అది ఎక్కువగా మూడు కారణాలకు మొరాయిస్తుంది. ప్లస్ మైనస్ తారుమారు కావడం, క్లిప్పు తుప్పు మీద పట్టడం, లేదా బ్యాటరీ మరీ దిగిపోయి ఛార్జర్ దాన్ని బ్యాటరీగా గుర్తించకపోవడం. నేను ఒకసారి ఆరు వారాలు ఇండియా వెళ్ళి వచ్చేసరికి ఈ మూడోది జరిగింది. ఛార్జర్ పాడైందనుకుని ఇంకొకటి కొనబోయి, ఈసారి ఆగాను. స్నేహితుడి కారు పక్కన పెట్టి జంపర్ కేబుళ్ళతో రెండు బ్యాటరీలూ కలిపి పది నిమిషాలు ఉంచి, కేబుళ్ళు తీసి వెంటనే ఛార్జర్ పెడితే పట్టుకుంది. పైసా ఖర్చు లేదు. కానీ బ్యాటరీ ఉబ్బినా, గడ్డకట్టినా ఈ పని చేయకు, ఛార్జర్ కూడా పెట్టకు. నిండుగా ఉన్న బ్యాటరీ గట్టి చలిని తట్టుకుంటుంది. ఖాళీ అయినది మైనస్ 10 సెల్సియస్ రాకముందే గడ్డకట్టవచ్చు.

ఇప్పటికే కొన్న ఛార్జర్ సరిపోకపోతే అప్పుడు కొత్తది చూడు. ఎన్ని ఆంపియర్లు అంటే, బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు లెక్క. 60 ఉన్న దానికి 6 చాలు. సగం దిగినది రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. ఎక్కువ ఆంపియర్లుంటే మంచిదని పెద్దది కొనకు. ఏజీఎమ్ బ్యాటరీ (యాసిడ్‌ను గాజుపీచు పొరల్లో పట్టి ఉంచే రకం) అయితే ఛార్జర్‌లో ఏజీఎమ్ మోడ్ ఉండాలి. ట్రాఫిక్‌లో ఇంజన్ తనంతట తానే ఆగే కార్లలో ఎక్కువగా అదో, మామూలు బ్యాటరీకే బలం పెంచిన ఈఎఫ్‌బీ అనే రకమో ఉంటుంది. నిండాక తనంతట తాను తగ్గిపోయేది మాత్రమే తీసుకో. ఈ ఒక్క దాంట్లో పొదుపు చేయబోయి నేను రెండో బ్యాటరీని పాడుచేసుకున్నాను. ఆగడం తెలియని చవక ఛార్జర్‌ను శనివారం పెట్టి సోమవారం తీశాను. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది, లోపలి నీరు ఎగిరిపోయి ప్లేట్లు బయటపడ్డాయి. జంప్ స్టార్టర్ డబ్బాను ఛార్జర్ అనుకుని కొనేవాళ్ళూ ఉన్నారు. అది కారును ఆ పూటకు లేపుతుందే గానీ బ్యాటరీని నింపదు.

తగిలించేటప్పుడు ప్లగ్గు గోడలో పెట్టకముందే ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్లది బ్యాటరీకి దూరంగా ఇంజన్ దగ్గర రంగు లేని ఇనుముకు పెట్టు. తీసేటప్పుడు ముందు ప్లగ్గు తియ్యి. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ పడకూడదు. గాలి ఆడే చోటే చెయ్యి. పార్కింగ్‌లో ఛార్జ్ పెట్టవచ్చా, పాత బ్యాటరీ ఎక్కడ ఇవ్వాలి అనే నియమాలు మీ ఊరివి నువ్వే చూసుకో.

ఊరికి వెళ్ళేటప్పుడు ఎవరినైనా వారానికోసారి అరగంట రోడ్డు మీద నడపమని అడుగు, లేదా మైనస్ కేబుల్ తీసేసి వెళ్ళు. ఎక్కడా పైసా పెట్టాల్సిన పని లేదు.

ఇవాళ రాత్రి కారు కదపకుండా ఉంచి, రేపు పొద్దున మీటర్‌లో వచ్చిన అంకె, ఛార్జర్ వెనక రాసి ఉన్న ఇన్‌పుట్ నాకు పంపు. కార్డు గీకాలో వద్దో అప్పుడు చెబుతాను.