చిట్టికి, ఎగిరే అక్షరాల గురించి

చిట్టీ,

వచ్చే వారం ఊళ్ళో పత్తి రైతుల ముందు నువ్వే మాట్లాడబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఆ సంగతి మీ అత్తయ్యకు రెండుసార్లు చెప్పాను. మూడోసారి మొదలుపెడితే, కాఫీ చల్లారిపోతోంది తాగండి అంది. అంతవరకు సంతోషమే. "అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి, మళ్ళీ ఎగిరిపోతాయి అన్నయ్యా, రాత్రంతా కూర్చుని కంప్యూటరులో స్లైడ్లు చేసింది" అని మీ అమ్మ మురిసిపోయిందే, ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు.

స్లైడు మారేటప్పుడు వచ్చేది ట్రాన్సిషన్, స్లైడు లోపల అక్షరాలు కదిలేది యానిమేషన్. ఇవి నీకు నాకంటే బాగా తెలుసు. రెండింటికీ మెల్లగా తేలివచ్చే ఫేడ్ చాలు, అర సెకను ఉంచు. క్లిక్ చేస్తేనే రావాలి, వాటంతట అవి రాకూడదు. శబ్దాలు అసలే వద్దు.

ఇక నా సంగతి విను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

2007లో కొత్తగా ప్రొజెక్టర్ చేతికొచ్చింది. బడి గదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టి రైతులను కూర్చోబెట్టాను. తెలుగు అక్షరాలు డీటీపీ షాపులో కొట్టించిన పాత ఫాంటు. దానికి "అక్షరం తరువాత అక్షరం" అనే ఎఫెక్టు పెట్టాను. ఆ ఫాంటులో వత్తులు విడి ముక్కలు కదా, 'మోనోక్రోటోఫాస్' అనే పురుగుమందు పేరులో క ఒకసారి, దాని ర వత్తు ఇంకోసారి ఎగిరి వచ్చాయి. కిటికీ పట్టుకుని చూస్తున్న పిల్లలు అక్షరం వాలినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. అవి నా కోసమే అనుకున్నాను, వెర్రివాణ్ణి.

మోతాదు కూడా అలాగే వచ్చింది: లీటరు నీటికి 1.6 మి.లీ. మూడు సెకన్లు నిలిచి, సుడి తిరిగి మాయమైంది. వెనక బెంచీ నుంచి ఒక పెద్దాయన "అయ్యా, మళ్ళీ ఒకసారి" అన్నాడు. వెనక్కి నొక్కాను. ఎగిరిపోయే ఎఫెక్టు పెట్టిన స్లైడు కదా, వెనక్కి వెళితే అంతా ఎగిరిపోయాక మిగిలిన ఖాళీ దుప్పటే కనిపించింది. మళ్ళీ నొక్కాను, ఇంకేదో వచ్చింది. సమయం అయిపోతోందని ముందుకు వెళ్ళిపోయాను.

టీ తాగుతుంటే ఆ పెద్దాయన దగ్గరకొచ్చి చొక్కా జేబులోంచి మడతపెట్టిన శుభలేఖ తీశాడు. దాని వెనక పెన్సిలుతో 16 అని రాసి ఉంది. మరచిపోకూడదని చుట్టూ గుండ్రంగా గీత కూడా గీసుకున్నాడు. చుక్క లేదు. అంత వేగంగా తిరిగే అక్షరాల్లో చుక్క ఎవరికి కనిపిస్తుంది? పదహారు లీటర్ల ట్యాంకుకు పాతిక మిల్లీలీటర్లు పోయవలసిన చోట పావు లీటరు పోసేవాడు. సీసా మీద ఎర్ర త్రికోణం ఉన్న మందు అది, అంటే అన్నిటికంటే ఘాటైన విషం. గాలికి ఎదురు నిలబడి, మూతికి తుండు చుట్టుకుని కొట్టే మనిషి. నేనే పెన్సిలు అడిగి చుక్క పెట్టాను. ఆయన చూపించకపోయి ఉంటే? మిగతావాళ్ళు ఏం రాసుకున్నారో అని ఆ రాత్రి ఏడున్నర వరకు ఇంటింటికీ తిరిగాను. ఇప్పటికీ పత్తి పూత మీదికి వస్తే ఆ శుభలేఖ గుర్తొస్తుంది.

అందుకని, మోతాదు ఉన్న స్లైడులో ఏదీ కదలకూడదు. పెద్ద అంకెలు, పక్కనే అక్షరాల్లోనూ రాయి. ట్యాంకుకు ఎంతో కూడా రాయి, మనవాళ్ళు కొలిచేది ట్యాంకులతోనే. అందరూ రాసుకున్నాక ఇద్దరి చేత పైకి చదివించు. వినకపోతే నేను వచ్చి ముందు వరుసలో కూర్చుంటాను, నీకే నామోషీ.

యానిమేషనే వద్దనడం లేదు, చిట్టితల్లీ. రసం పీల్చే పచ్చదోమ పురుగు పట్టిన పత్తి ఆకు చూపించు. ముందు అంచులు పసుపెక్కుతాయి, తరువాత ముడుచుకుంటాయి, ఆ పైన ఎర్రబడతాయి. మూడు ఫోటోలూ ఒకే కొలతలో, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి ఫేడ్ ఇస్తే, ఆకు కళ్ళముందే ఎర్రబడుతుంది. రాత్రంతా కూర్చోవాలంటే దీనికి కూర్చో. అయితే పెన్‌డ్రైవులో పీడీఎఫ్ కూడా పెట్టుకుంటావు కదా, అందులో పై ఫోటో ఒక్కటే కనిపిస్తుంది. దాని కోసం మూడూ విడివిడి స్లైడ్లు చేసుకో.

ఎవరైనా ప్రశ్న అడిగితే కీబోర్డులో బి నొక్కు, తెర నల్లబడుతుంది. అప్పుడు అందరూ నిన్నే చూస్తారు. చిన్నప్పుడు పద్యం చెప్పమంటే మీ అమ్మ కొంగు వెనక దాక్కునేదానివి. ఈసారి అక్షరాల వెనక దాక్కోకు.

ఆ బడిలో ప్లగ్గు తలుపు పక్కన ఒక్కటే ఉంటుంది, దుప్పటి కట్టే గోడకు చాలా దూరం. అటక మీద నా పది మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. దుమ్ము దులిపి, ఆదివారం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిస్తాను. మీ నాన్నను స్టాండుకు వచ్చి తీసుకోమను.

మీ మామయ్య