ఇంటిపేరును చివర నమ్ము

చిరంజీవికి,

లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టు నేసిన హ్యూగెనాట్ (ఫ్రాన్స్ ప్రొటెస్టెంట్) కుటుంబం మీద నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. వాక్యం బాగుంది. వంశాన్ని మాత్రం తలకిందులుగా పట్టుకున్నావు. 1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛనిచ్చిన నాంటెస్ శాసనాన్ని రద్దు చేసిన దగ్గర మొదలుపెట్టి కిందికి దిగావు. అలా దిగితే అదే పేరున్న దారిన పోయేవాణ్ణి తాతను చేసేస్తాం. ఆధారం చేతిలో ఉన్న ఆఖరి మనిషి దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కు, తరానికో కాగితం చొప్పున.

‘వైట్ అంటే ఒకప్పటి బ్లాన్’ అని ధీమాగా రాశావు. అలా ఫ్రెంచి పేరును అదే అర్థంతో ఇంగ్లీషులోకి మార్చుకున్నవాళ్లున్నారు, లెనువార్‌లు బ్లాక్‌లయ్యారు, దుబువాలు వుడ్‌లయ్యారు. కానీ ఫ్రాన్స్ గాలి సోకని వైట్‌లు ఇంగ్లండ్‌లో కొల్లలు. ఒకే మనిషిని రెండు పేర్లతోనూ చూపించే వీలునామా లాంటి కాగితం దొరికేదాకా అది ఊహే. ఊహ అని చెప్పే రాయాలి.

గుమాస్తా చెవి మార్చిన పేర్లు ఇంకో రకం. ఇక్కడ మన లిపి నీకు అక్కరకొస్తుంది. 1688లో దక్షిణాఫ్రికా కేప్‌కు చేరిన పినార్ పేరు డచ్చి రాతలో అక్షరాలు మారి, కంటికి వేరే పేరులా కనిపిస్తుంది. తెలుగులో రాసి చూడు, రెండూ పినారే! పాత పేరు పైకి పలికి, విన్నట్టే రాసుకో. అయితే రోమన్ వర్ణక్రమం కూడా పక్కనే ఉంచుకో. పేరు ముందుండే ‘ద’, ‘లె’, ‘దు’లు ఒకచోట అతుక్కుంటాయి, ఇంకోచోట ఊడిపోతాయి. సూచికల్లో రెండు అక్షరాల కిందా వెతకాలి. ఒక్కోసారి సొంత పేరే మారిపోతుంది: అమెరికా విప్లవంలో పేరుమోసిన పాల్ రివీర్ తండ్రి కూడా పాల్ రివీరే, పుట్టుకతో మాత్రం అపోలోస్ రివ్వార్.

మగవాళ్ల పేర్లు ఇలా జారిపోతుంటే, ఆడవాళ్ల పేర్లు నిలబెడతాయి. లండన్ థ్రెడ్‌నీడిల్ వీధి ఫ్రెంచి చర్చి బాప్తిస్మ నమోదుల్లో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది, బాప్తిస్మంలో బిడ్డకు పూచీగా నిలిచే జ్ఞాన తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. ఈ జ్ఞాన తల్లిదండ్రుల్లో చాలామంది చుట్టాలో ఊరివాళ్లో. నువ్వు వాళ్లను అసలు ఎత్తి రాసుకోలేదు. అదే చర్చిలో, ఫ్రాన్స్‌లో బలవంతాన కేథలిక్కులై వచ్చినవాళ్లు పశ్చాత్తాపం ప్రకటించిన నమోదులున్నాయి. వాటిలో తరచు సొంతూరు దొరుకుతుంది. వీటిని హ్యూగెనాట్ సొసైటీ అచ్చు వేసింది.

నీ మూడో పేజీలో పెళ్లికి ముందే బిడ్డను పుట్టించి, దాని మీద ఒక పేరా కన్నీళ్లు పెట్టావు. తేదీ చూసుకో. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. ఆ లెక్కలో 1699 ఫిబ్రవరి అంటే మనకు 1700 ఫిబ్రవరి. రోజుల్లో కూడా ఇంగ్లండ్, ఫ్రాన్స్ కంటే 1700 వరకు 10, ఆ తర్వాత 11 వెనక. ఫ్రెంచి చర్చి ఏ లెక్క వాడిందో ఏ పుస్తకానికా పుస్తకం చూడాల్సిందే.

1754 మార్చి తర్వాతి పెళ్లిళ్లు ఫ్రెంచి చర్చిలో వెతకకు. చట్టం వాటిని ఇంగ్లండ్ చర్చికి మళ్లించింది. ఫ్రాన్స్‌లో మిగిలిపోయిన అన్నదమ్ములను 1787 దాకా కేథలిక్ రిజిస్టర్లలోనూ, నోటరీల పెళ్లి ఒప్పందాల్లోనూ చూడు. నార్విచ్, కాంటర్‌బరీ కొమ్మ 1560లు, 70లలోనే వచ్చి ఉంటే, వాళ్లు బహుశా స్పెయిన్ ఏలుబడిలోని నెదర్లాండ్స్ నుంచి వచ్చిన, ఫ్రెంచి మాట్లాడే వాలూన్లు. లూయీ అప్పటికి పుట్టనే లేదు.

రెండో అధ్యాయంతో పాటు ఆ జ్ఞాన తల్లిదండ్రుల పట్టిక కూడా పంపు.

ఆశీస్సులతో