నల్ల తెర బిల్లింగ్‌కి మౌస్: తిప్పలంతా కీప్యాడ్‌తోనే

చీమకుర్తి క్వారీ వేబ్రిడ్జి దగ్గర పైతాన్ కర్సెస్‌లో (నల్ల తెర మీద అక్షరాలతోనే విండోలు గీసే లైబ్రరీ) రాసిన పాత బిల్లింగ్ ప్రోగ్రాం ఉంది, మౌస్ క్లిక్ కావాలంటే మొత్తం మళ్లీ రాయాలా అని అడిగారు.

అక్కర్లేదు. మొదట్లో, ఏ మౌస్ కబుర్లు కావాలో చెప్పే మౌస్‌మాస్క్‌కి ఆల్-మౌస్-ఈవెంట్స్ ఇచ్చే లైను ఒకటి రాయండి. కీలు చదివే గెట్‌సీహెచ్ నుంచి కీ-మౌస్ (మౌస్ నొక్కారన్న గుర్తు) వచ్చినప్పుడు గెట్‌మౌస్‌ని పిలవండి. అది ఇచ్చే ఐదు విలువల్లో పనికొచ్చేవి ఎక్స్ (కాలమ్), వై (వరస), బటన్ స్థితి. అంతే.

ఇక తిప్పలు. ప్రోగ్రాంని మొదలుపెట్టే కర్సెస్ రాపర్, కీప్యాడ్‌ని (ఎస్కేప్‌తో మొదలయ్యే గుత్తిని ఒకే కీగా చదివే సెట్టింగ్) ప్రధాన తెరకి మాత్రమే ఆన్ చేస్తుంది. న్యూవిన్‌తో తెరిచిన ప్రతి విండోకీ మీరే ఆన్ చేసుకోవాలి. మరిచారా, చూడండి తమాషా! ఇప్పటి టెర్మినళ్లు (నల్ల తెరని చూపించే ప్రోగ్రాంలు) మౌస్ కబురు పంపడానికి వాడే 1006 పద్ధతిలో ఒక్క నొక్కుకి ఎస్కేప్, బ్రాకెట్, వాటి వెనక బటన్, కాలమ్, వరస అంకెలు వస్తాయి. కీప్యాడ్ లేకపోతే కర్సెస్ వాటిని కలిపి చదవదు, ఒక్కొక్కటీ విడి కీ లాగా మీకు అందిస్తుంది. ఎస్కేప్ కొడితే వెనక్కి పోవాలని ఎటూ రాసుంటారు కాబట్టి, బిల్లు మీద నొక్కగానే బిల్లు మూసుకుపోతుంది. మిగిలిన 0;35;12 పోయి అడుగునున్న టన్నుల గడిలో పడుతుంది. గడి అంకెలే తీసుకునేదైతే 03512. వేలు ఎత్తగానే ఇంకో విడత. తప్పు మౌస్‌దని దాన్ని పీకేసేవాళ్లే ఎక్కువ.

మౌస్‌ఇంటర్వల్ 0 చెయ్యండి. లేకపోతే అది క్లిక్కా, డబుల్ క్లిక్కా తేల్చుకోడానికి కర్సెస్ సెకనులో ఆరో వంతు ఆగుతుంది, ప్రోగ్రాం మొద్దుబారినట్టుంటుంది. ఎక్స్, వైలు మొత్తం తెరకి లెక్క, అందుకని వాటిలోంచి విండో మొదలైన చోటుని తీసెయ్యాలి.

తెలుగు పేర్లుంటే ఇంకో చిక్కు. ఒత్తులు, గుణింతాలు ఎన్ని గళ్లు తీసుకుంటాయో ఒక్కో టెర్మినల్ ఒక్కోలా లెక్కేస్తుంది. పేరు పక్కన 'ప్రింట్' బటన్ పెడితే చూపించే చోటొకటి, నొక్కాల్సిన చోటొకటి అవుతుంది. పార్టీ పేరుని వరసలో చివరికి నెట్టండి, బటన్లు ఎడమపక్కకి తెండి.

మౌస్ కదిలినప్పుడల్లా కబురు పంపే 1003 పద్ధతి మాత్రం వద్దే వద్దు. బిల్లు కొట్టడానికి మౌస్ ఎక్కడ తిరుగుతోందో మనకెందుకబ్బా? ఎఫ్ కీలు కూడా పీకెయ్యొద్దు, వాటికి అలవాటుపడ్డ చెయ్యి మౌస్‌కంటే వేగం.

మౌస్ పెట్టాక మామూలుగా లాగి కాపీ చెయ్యడం కుదరదు. చాలా టెర్మినళ్లలో షిఫ్ట్ పట్టుకుని లాగితే పనవుతుంది, అది బిల్లులు కొట్టే కుర్రాళ్లకి ముందే చెప్పండి. మధ్యలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌కి కలిపే లంకె) తెగినా, ప్రోగ్రాంని కిల్ 9తో బలవంతంగా చంపినా మౌస్ మోడ్ ఆన్‌లోనే ఉండిపోయి, నొక్కినప్పుడల్లా తెరమీద చెత్త అంకెలు రాలతాయి. రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కితే పోతుంది.