మగవాడు వేటకు, ఆడది బిడ్డకు: సైన్స్ అలా చెప్పిందా?

ప్రశ్న: మొదటి కాన్పు. బాబుకు నాలుగు నెలలు నిండాక పుట్టింటి నుంచి వచ్చాను. రాత్రి నాలుగైదు సార్లు లేచేది నేనొక్కదాన్నే. కాసేపు ఎత్తుకోమంటే మావారు ఫోన్‌లో వీడియో చూపిస్తారు. ఆదిమానవుల కాలం నుంచి మగవాడి మెదడు వేటకు, ఆడదాని మెదడు పిల్లల పెంపకానికి తయారైందట. నాకేమో ఊరికే ఏడుపొస్తోంది. లోపం నాలోనే ఉందా? - ఒక సోదరి, గుంతకల్లు

జవాబు: లోపం మీలో లేదమ్మా. నెలల తరబడి సరైన నిద్ర లేకపోతే ఎవరికైనా ఏడుపొస్తుంది. ముందు ఆ వీడియో సంగతి చెబుతాను, ఎందుకంటే అనంతపురంలో నా దగ్గరికొచ్చే జంటల నోట ఈ మాట ఈమధ్య తరచుగా వింటున్నాను.

మన స్వభావాలు వేల తరాల బతుకులో రూపుదిద్దుకున్నాయని చెప్పే పరిణామ మనస్తత్వశాస్త్రం ఉన్న మాట నిజమే. కానీ ఆ కాలంలో బిడ్డను ఎవరు జోకొట్టారో తవ్వకాల్లో దొరికే ఎముకలు చెప్పవు. మధ్య ఆఫ్రికా అడవుల్లో అకా అనే తెగవాళ్లు వలలు పన్ని వేటాడతారు. ఆ వేటకు ఆడవాళ్లూ వెళ్తారు. అక్కడి తండ్రులు రోజులో దాదాపు సగం సేపు పసిబిడ్డను ఎత్తుకునో, చేతికందేంత దగ్గరలోనో ఉంటారని వాళ్ల మధ్య గడిపిన పరిశోధకులు రాశారు. మీవారు చెప్పే ఆ వేటగాడే అక్కడ బిడ్డను మోస్తున్నాడు!

ఇంకోటి. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 600 మందికి పైగా యువకులను నాలుగున్నరేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. తండ్రులైనవాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ బాగా తగ్గింది. రోజుకు 3 గంటలు, ఆపైన బిడ్డ పని చూసుకునేవాళ్లలో ఇంకా తక్కువగా ఉంది. భయపడాల్సిన పనిలేదు, ఇది జబ్బు కాదు. బిడ్డ వస్తే తండ్రి ఒళ్లు కూడా మారుతుంది. ఇది ఆయనకు చదివి వినిపించండి.

పాలు మీరే ఇవ్వాలి, సరే. తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, జోకొట్టడం ఆయన పని. మొదట్లో బాబు ఏడుస్తాడు, 'చూశావా, నా దగ్గర ఉండడు' అంటారు. 'మగపిల్లోడితో గుడ్డలు మార్పిస్తావా' అని అత్తగారు అనొచ్చు. అయినా రెండు వారాలు ఆయన్నే చేయనివ్వండి. చేయగా చేయగా అలవాటవుతుంది, మీకూ అలాగే అలవాటైంది కదా.

మీ ఏడుపు రెండు వారాలు దాటి రోజూ ఉన్నా, బాబు పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. చచ్చిపోవాలనిపించినా, బాబుకేమైనా చేసేస్తానేమోనని భయమేసినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీవారిని కూడా వెంటబెట్టుకెళ్లండి, బాబును ఆయన చేతికిచ్చి.