ఫౌల్ ఎవరికి ఇచ్చినట్టు?

సందేహం: బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూస్తూ ‘మనవాడికి ఫౌల్ ఇచ్చారు’ అని సంబరపడ్డాను. పక్కనున్న మిత్రుడు ‘ఫౌల్ ఇస్తే ఏడవాలి గానీ నవ్వుతావేమిటి?’ అన్నాడు. ఇద్దరం చూసింది ఒకే ఆట. ఎవరి తెలుగు సరైనది? పైగా నేను అంపైర్ అంటే, ‘అంపైర్ క్రికెట్‌లో ఉంటాడు, ఇక్కడ రిఫరీ’ అని దిద్దాడు. ఆ రిఫరీకి పక్షవాతం ఎక్కువ అని కూడా అన్నాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ కుదిరింది.

సమాధానం: తగవు మీ ఇద్దరిదీ కాదు, ‘కి’ అనే ప్రత్యయానిది. దక్కేది మంచైనా చెడైనా అందుకునేవాడికి తెలుగులో ‘కి’, ‘కు’ తప్పవు: విజేతకు బహుమతి ఇచ్చారు, దోషికి శిక్ష వేశారు. బహుమతి, శిక్ష అన్న మాటల్లోనే మేలో కీడో తెలిసిపోతుంది కనుక అక్కడ చిక్కు లేదు. ఫౌల్ సంగతి వేరు. ఒకడు చేస్తాడు, ఒకడు దెబ్బ తింటాడు, మూడోవాడు ఈల వేస్తాడు. మీరు దెబ్బ తిన్నవాడి పక్కన నిలబడి మాట్లాడారు, మీ మిత్రులు చేసినవాడి పక్కన.

పోనీ ‘మీద’ అంటే తేలుతుందా? అదీ అంతే. ‘అతని మీద ఫౌల్ చేశారు’ అంటే అతడు బాధితుడు. ‘అతని మీద ఫౌల్ వేశారు’ అంటే నిందితుడు. విభక్తి మారలేదు, క్రియ మారింది, మనిషి తలరాత మారిపోయింది! ఈ ‘వేయడం’ నాకు నచ్చింది. పన్ను వేయడం, జరిమానా వేయడం సరసన చక్కగా ఇముడుతుంది. ఆట లెక్కకూ సరిపోతుంది: స్కోరు పట్టికలో ఫౌల్ ఎక్కేది చేసినవాడి పేరు మీదే. అంతర్జాతీయ నియమాల్లో అలాంటివి 5, అమెరికా లీగ్ అయిన ఎన్‌బీఏలో 6 చేరితే ఆటగాడు బయటికి నడవాలి. అంటే ఫౌల్ అప్పు పద్దు. దెబ్బ తిన్నవాడికి దక్కేది ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి బంతి విసిరే అవకాశం), లేదా బంతి. కనుక ‘ఎదుటివాడి మీద ఫౌల్ వేశారు, మనవాడికి ఫ్రీ త్రోలు ఇచ్చారు’ అని రాయండి. ఆట మధ్యలో అరిచేటప్పుడు ఇంత వాక్యం నోటికి రాదని తెలుసు. అప్పుడు మీ ముఖమే విభక్తి ప్రత్యయం.

ఫౌల్‌ను ‘తప్పిదం’ అని తెనిగిస్తే బాగుంటుందా అంటే, నాకు ఇష్టం లేదు. బంతిని నేలకు కొట్టకుండా పట్టుకుని నడిచేయడమూ తప్పిదమే, కానీ ఆటలో అది ఫౌల్ కాదు.

అంపైర్ విషయంలో మీ మిత్రులు తొందరపడ్డారు. 1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ రాసిన 13 నియమాల్లో ఇద్దరూ ఉన్నారు. ఆటగాళ్లను గమనించి ఫౌల్ గుర్తించేవాడు అంపైర్, బంతిని గమనించేవాడు రిఫరీ. ఇప్పటికీ నిర్ణేతల బృందంలో అంపైర్ అనే హోదా ఉంది. ఫౌల్ కోసమే తిట్టదలిస్తే, పాత లెక్కన అంపైర్‌ను తిట్టడమే సబబు.

ఇక పక్షవాతం. అది ఒంట్లో ఒక పక్కను చచ్చుబడేలా చేసే జబ్బు. మీరిద్దరూ అనుకున్నది పక్షపాతం, అంటే ఒక పక్షం వైపు ఒరగడం. ఫౌల్ చూసిన నిర్ణేత ఈల వేసి పిడికిలి పైకెత్తాలి. ఎదుటి జట్టువాడు ఎంత తోసినా లేవని ఆ చేతిని చూసి మీ మిత్రులు కావాలనే పక్షవాతం అని ఉంటే మాత్రం, నేను దిద్దను.